నీటి ఉపరితలమున ఉదజని సోదరత్రయము

నీరు ఒకే పదార్థమని మనము తలంచుచుందుము. చెరువు నీరు, బావి నీరు, వాన నీరు అని మనము పెట్టుకొన్న పేర్లు నీరున్న చోటును బట్టి వచ్చినవే గాని నీటి నిర్మాణమును బట్టి వచ్చినవి కావు. అయితే ఒక చెంబెడు నీటిని రసాయన శాస్త్రజ్ఞుడు పరీక్షించినచో, బరువులో భేదము గల పలువిధముల నీటి అణువులు అందు కలిసియున్నట్లు తెలియును. నీటి లోతులలో ఉన్నంతవరకు ఈ అణువులు తమ భేదమును అంతగా వెల్లడింపవు. నీరు గాలిని తాకు చోట, అనగా ఉపరితలమున, ఆ భేదము బయటపడును. కొన్ని ముందుగా ఆవిరియై లేచిపోవును, కొన్ని వెనుకబడును.

ఈ స్వల్పభేదమే నీటికి ఒక విధమైన జ్ఞాపకశక్తిని కల్పించినది. ఒక బావిలోని నీరు ఎక్కడినుండి వచ్చినది, ఏనాటి వానకు చెందినది, దారిలో ఎంత ఎండకు గురియైనది అను ప్రశ్నలకు ఆ నీరే సాక్ష్యము చెప్పగలదు. బోరుబావులను నమ్ముకొని బ్రతుకుచున్న మన మెట్టప్రాంతములకు ఇది ప్రయోగశాలకు మాత్రమే పరిమితమైన ముచ్చట కాదు. కావున విజ్ఞానశాస్త్ర విద్యార్థులకే గాక ఇతర శాఖలవారికిని అందునట్లు ఈ విషయమును ఇచ్చట వివరింపదలచితిమి.

సోదరుల పరిచయము

హైడ్రోజనునకు తెలుగున ఉదజని అని పేరు. ఉదకమును పుట్టించునది గనుక ఉదజని అయినది. గ్రీకు మాటలనుండి ఏర్పడిన హైడ్రోజన్ అను పేరునకును అర్థమిదియే. రెండు ఉదజని పరమాణువులును ఒక ఆమ్లజని పరమాణువును కలిసి ఒక నీటి అణువు ఏర్పడునని మనము పాఠశాలలోనే చదివియున్నాము.

ఒకే మూలకమునకు చెంది, ప్రోటానుల సంఖ్య సమానముగా ఉండి, న్యూట్రానుల సంఖ్యలో మాత్రము భేదించు పరమాణువులను ఐసోటోపులు అందురు. ప్రకృతిలో ఉదజనికి ఇట్టివి మూడు కలవు. కేంద్రకమున ఒక్క ప్రోటాను మాత్రమే గలది ప్రోటియము. ఇదియే సాధారణ ఉదజని. ప్రోటానుతోపాటు ఒక న్యూట్రాను గలది డ్యూటీరియము. రెండు న్యూట్రానులు గలది ట్రిటియము. మొదటి రెండును స్థిరమైనవి. మూడవది రేడియోధార్మికత గలది, ప్రతి 12.3 సంవత్సరములకు దాని పరిమాణము సగమగుచుండును.

ఇతర మూలకముల ఐసోటోపులలో బరువుల తేడా కొద్దిపాటిది. ఆమ్లజనియందు 16, 18 ద్రవ్యరాశుల మధ్య తేడా ఎనిమిదవ వంతు మాత్రమే. ఉదజనిలోనో, రెండవవాడు మొదటివానికి రెట్టింపు బరువు, మూడవవాడు మూడింతల బరువు. ఇంతటి అంతరము గల సోదరులు మరి యే మూలకమునందును కానరారు. ఉదజని ఐసోటోపుల ప్రవర్తనలో తేడా స్పష్టముగా కనబడుటకు ఇదియే మూలము.

అయితే వీరి జనసంఖ్య సమానము కాదు. సముద్రజలమున 10 లక్షల ఉదజని పరమాణువులను లెక్కించినచో అందు డ్యూటీరియము సుమారు 156 మాత్రమే. అనగా 6,400 పరమాణువులకు ఒకటి. ప్రతి నీటి అణువునందు రెండు ఉదజనులు ఉండును గనుక, సుమారు 3,200 అణువులకు ఒకదానియందు ఒక ప్రోటియము, ఒక డ్యూటీరియము జంటగా ఉండును. దీనిని మనము మిశ్రమ జలాణువు అని పిలుచుకొందము. రెండును డ్యూటీరియములే యైన భారజలాణువు, సుమారు 4 కోట్ల అణువులకు ఒకటి చొప్పున మాత్రమే ఉండును. కావున ప్రకృతిలోని నీటిని గూర్చి మాటలాడునపుడు మనము గమనింపవలసినది మిశ్రమ జలాణువునే.

డ్యూటీరియమును కనుగొన్న వృత్తాంతమే ఆవిరితో ముడిపడియున్నది. 1931లో అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ యూరీ తన సహచరులతో కలిసి ఈ ప్రయత్నము చేసెను. ద్రవరూపమున నున్న ఉదజనిని మెల్లగా ఆవిరి కానిచ్చినచో తేలికైనది ముందు పోయి బరువైనది అడుగున మిగులునని వారు ఊహించిరి. మిగిలిన భాగమును వర్ణపటము ద్వారా పరీక్షింపగా డ్యూటీరియపు గీతలు కనబడినవి. ఇందులకు యూరీకి 1934లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. 1933లో గిల్బర్ట్ లూయిస్ శుద్ధమైన భారజలమును తయారుచేసెను. అది సాధారణ జలము కంటె సుమారు 11 శాతము బరువైనది, 3.8 డిగ్రీల సెల్సియస్ వద్దనే గడ్డకట్టును, 101.4 డిగ్రీల వద్ద మరుగును. 1934లో కేంబ్రిడ్జియందు రూథర్‌ఫర్డ్, ఆలిఫాంట్, హార్టెక్ అనువారు ట్రిటియమును వెలుగులోనికి తెచ్చిరి.

ఉపరితలమున జరుగునది

నీటి లోపలి అణువు ఒంటరిది కాదు. దాని చుట్టును సుమారు నాలుగు అణువులు చేరి ఉదజని బంధములతో దానిని పట్టుకొనియుండును. ఉపరితలమునందలి అణువునకు ఈ భాగ్యము పూర్తిగా లేదు. దానికి క్రిందను ప్రక్కలను చుట్టములు కలరు గాని పైన గాలి తప్ప మరేమియు లేదు. అందుచేత ఉపరితలపు అణువులలో దాదాపు నాల్గవ వంతు తమ ఉదజని హస్తములలో ఒకదానిని ఏ బంధమును లేక గాలిలోనికి చాచియుండునని లేజరు కిరణములతో జరిపిన ప్రయోగములవలన తెలిసినది.

ఇపుడొక ప్రశ్న పుట్టును. మిశ్రమ జలాణువునకు ఒక చేయి తేలిక, ఒక చేయి బరువు. అది ఉపరితలమునకు వచ్చినపుడు ఏ చేతిని గాలిలోనికి చాచును? జర్మనీ దేశమునందలి మైంజ్ నగరపు శాస్త్రజ్ఞులు 2012లో దీనికి సమాధానము ప్రకటించిరి. ప్రోటియపు హస్తము ఎక్కువగా ఆకాశమువైపు చూచును; డ్యూటీరియపు హస్తము ఎక్కువగా నీటివైపు తిరిగియుండును. రెండు చేతులును సమానమైన సాధారణ జలమునందును, శుద్ధ భారజలమునందును ఉపరితల నిర్మాణము ఒకే విధముగా నున్నది. మిశ్రమ జలాణువునందు మాత్రమే ఈ పక్షపాతము కనబడినది.

దీనికి కారణమేమి? బరువైనది గనుక క్రిందికి దిగినదని తలంచుట పొరపాటు. ఒక అణువు యొక్క చేతులను పైకిని క్రిందికిని త్రిప్పుటకు భూమ్యాకర్షణము చాలదు. ఆవిరియగుటలో గల తేడాకు సైతము కేవలము బరువే కారణము కాదనుటకు ఒక చక్కని నిదర్శనము కలదు. సాధారణ జలాణువు ద్రవ్యరాశి 18, మిశ్రమ జలాణువు ద్రవ్యరాశి 19. భార ఆమ్లజని గల జలాణువు ద్రవ్యరాశి 20. బరువే ప్రధానమైనచో 20 గలది అందరికంటె వెనుకబడవలెను. కాని జరుగుచున్నది వేరు. 25 డిగ్రీల వద్ద నీరును, దాని ఆవిరియు సమతాస్థితిలో ఉన్నపుడు, సాధారణ అణువులు 1,000 లేచు అదనులో, తమ సంఖ్యకు తగిన నిష్పత్తి ప్రకారము భార ఆమ్లజని అణువులు సుమారు 991 లేచుచున్నవి. మిశ్రమ జలాణువులో, 927 మాత్రమే. తక్కువ బరువు గలదే ఎక్కువ వెనుకబడుచున్నది!

రహస్యము బంధమునందున్నది. పరమాణువులు ఎంతటి చలిలోనైనను సంపూర్ణముగా నిశ్చలము కావు. కొంత కంపనము వాటికి సహజము. వీణయందు ఒకే బిగువున నున్న లావు తీగ మంద్రముగను, సన్నని తీగ తారముగను మ్రోగునట్లు, డ్యూటీరియము నెమ్మదిగను, ప్రోటియము వేగముగను కంపించును. ఉదజని బంధమున చిక్కినపుడు ఈ కంపనములలో రెండు మార్పులు వచ్చును. చేయి ప్రక్కలకు ఊగుటకు గల స్వేచ్ఛ తగ్గును. చురుకైన ప్రోటియమునకు ఈ నిర్బంధము ఎక్కువ భారము. మరియొకవైపు, ఆమ్లజనితో గల పట్టు కొంత సడలి నిలువు కంపనము నెమ్మదించును. ఇది ప్రోటియమునకే ఎక్కువ లాభము. ఈ రెండును పరస్పర విరుద్ధములు. మన వాతావరణపు ఉష్ణోగ్రతలలో మొదటి దానిదే పైచేయి. అందుచేతనే డ్యూటీరియము బంధమున ఒదిగియుండుటకును, ప్రోటియము విడిపడుటకును మొగ్గు చూపును. ఉష్ణోగ్రత పెరిగిన కొలది ఈ తేడా తగ్గుచు పోయి, అధిక పీడనమున ద్రవముగనే నున్న నీటియందు సుమారు 220 డిగ్రీలు దాటిన పిమ్మట వ్యవహారము తలక్రిందులగును. అపుడు ఆవిరియందే డ్యూటీరియపు పాలు అధికమగును.

కొంత లెక్క

భేదమెంతయో అంకెలలో చూతము. 10 లక్షలకు 156 డ్యూటీరియములు గల నీటినుండి 25 డిగ్రీల వద్ద సమతాస్థితిలో లేచు ఆవిరియందు సుమారు 145 మాత్రమే ఉండును. మిగిలిన నీటిలో ఆ మేరకు డ్యూటీరియపు పాలు పెరుగును. లేచిన ఆవిరి లేచినట్లు తొలగిపోవుచున్నచో, నీరు సగము ఇంకునప్పటికి 156 కాస్త 164 అగును. నాల్గవ వంతు మాత్రమే మిగులునప్పటికి సుమారు 173 అగును. వాస్తవమున గాలిలోని తేమ మరల నీటిలో చేరుచుండును గనుక లెక్క ఇంత సరళముగా ఉండదు; అయినను పోకడ ఇదియే.

కాచిన నీటిలో భారజలము పేరుకొనునేమో యని సందేహించువారు కలరు. అది నిరాధారము. మరుగు నీటియందు ఈ తేడా మరింత స్వల్పము. పాత్రలోని నీరు సగము మరిగిపోయినను డ్యూటీరియపు పాలు 2 శాతము కూడ పెరుగదు.

భేదము ఇంత స్వల్పమగుటచేతనే భారజలమును వేరుచేయుట కష్టసాధ్యమైన పని. భారత అణువిద్యుత్ కేంద్రములలో పెక్కింటికి భారజలము అవసరము. మన గోదావరీ తీరమున అశ్వాపురము వద్ద, 1991లో పని ఆరంభించిన మణుగూరు భారజల కర్మాగారము ఇందుకొరకే ఏర్పడినది. అచ్చట నీటిని ఆవిరిచేయుటకు బదులు హైడ్రోజన్ సల్ఫైడ్ అను వాయువును నీటితో కలియనిత్తురు. చల్లని గోపురమున డ్యూటీరియము వాయువును వీడి నీటిని చేరును. వేడి గోపురమున నీటిని వీడి వాయువును చేరును. దీనిని అంచెలంచెలుగా జరిపి డ్యూటీరియమును పోగుచేయుదురు. ఉష్ణోగ్రతను బట్టి ఐసోటోపుల మొగ్గు మారునను సూత్రమే ఇచ్చటను పనిచేయుచున్నది.

సముద్రమునుండి బావి వరకు

సముద్రోపరితలమున లేచిన ఆవిరి మేఘమగును. మేఘము వర్షించునపుడు తారుమారుగా బరువైన అణువులు ముందుగా నేలకు దిగును. కావున మేఘము భూభాగములోనికి సాగిన కొలది, కొండలనెక్కిన కొలది, తరువాతి వానలలో డ్యూటీరియము తగ్గుచుండును. చలి ప్రదేశములలో ఈ తగ్గుదల ఇంకను ఎక్కువ. అంటార్కిటికా మంచుపొరలలోని డ్యూటీరియమును కొలిచియే శాస్త్రజ్ఞులు గడచిన 8 లక్షల సంవత్సరముల ఉష్ణోగ్రతల హెచ్చుతగ్గులను నిర్ణయించిరి. వాన నీటి ఐసోటోపులను నమోదుచేయుటకు వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థ కలిసి నడుపుచున్న పరిశీలనా కేంద్రములు ప్రపంచమంతట కలవు.

1961లో హార్మన్ క్రెయిగ్ ఒక విశేషమును గుర్తించెను. వానలు, నదులు మున్నగువాని నీటిలో భార ఆమ్లజని ఒక పాలు మారిన చోట డ్యూటీరియము సుమారు 8 పాళ్ళు మారుచున్నది. ఎండకు ఆవిరియైన చెరువు నీటిలోనో, ఆ 8కి బదులు 4 నుండి 6 వరకు మాత్రమే ఉండును. కారణము గ్రహించుట కష్టము కాదు. బంధమును తెంచుకొనుటలో డ్యూటీరియపు వెనుకబాటు భార ఆమ్లజనికి సుమారు 8 రెట్లు. కాని ఉపరితలమును విడిచిన పిమ్మట పొడిగాలి పొరను దాటుటలో అణువు బరువే ప్రధానము. అచ్చట ఇద్దరి ఆలస్యమును దాదాపు సమానము. ఈ రెండవ ఆలస్యము చేరుటచే నిష్పత్తి మారును. అనగా ఎండిన ఉపరితలము నీటిపై చెరగని ముద్ర వేయుచున్నది.

ఈ ముద్రను మన పల్లెల విషయమున ఎట్లు వాడుకొనవచ్చునో చూడుడు. ఒక చెరువు క్రింద పది బావులున్నవి. చెరువు పూడికతో నిండినది. దానిని బాగుచేసినచో ఏ బావులకు మేలు? బావి నీటియందు ఆవిరి ముద్ర కనబడినచో ఆ నీరు చెరువునుండి ఊరినదని చెప్పవచ్చును. ఆ ముద్ర లేక వాన నీటి నిష్పత్తియే ఉన్నచో అది నేరుగా నేలలో ఇంకిన వాన నీరు. 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ పేర చెరువుల పునరుద్ధరణమును ఆరంభించినది. ఇట్టి పనులలో చెరువునకును బావికిని గల చుట్టరికమును ఊహతో గాక పరీక్షతో నిర్ణయించుకొనుటకు ఈ శాస్త్రము తోడ్పడును.

ఇంకొక ముఖ్య విషయము. చెట్టు వేరు సాధారణముగా నీటిని త్రాగునపుడు ఐసోటోపులను ఏరుకొనదు. ఉన్న నీటిని ఉన్నట్లే గ్రహించును. కావున పైరు త్రాగిన నీరు నేలలో మిగిలిన నీటిపై ముద్ర వేయదు. బయలు నేలనుండియు, నిలువ నీటినుండియు ఎండకు పోయిన నీరు మాత్రమే ముద్ర వేయును. పంటకు ఉపయోగపడిన నీరెంత, వ్యర్థముగా గాలిపాలైన నీరెంత అని విడదీయుటకు ఇంతకంటె సూక్ష్మమైన త్రాసు దొరకుట అరుదు.

ట్రిటియపు గడియారము

డ్యూటీరియము నీటి త్రోవను తెలుపగా, ట్రిటియము నీటి వయస్సును తెలుపును. విశ్వకిరణముల వలన వాతావరణమున స్వల్పముగా ట్రిటియము పుట్టుచుండును. 1950వ దశకమునుండి జరిగిన హైడ్రోజన్ బాంబు పరీక్షల వలన అది విపరీతముగ పెరిగి, ఉత్తరార్ధగోళపు వానలలో 1963లో శిఖరమునకు చేరినది. అదే సంవత్సరము వాతావరణమున అణుపరీక్షలను నిషేధించుచు ఒడంబడిక కుదిరిన పిమ్మట క్రమముగా తగ్గి, నేడు ఇంచుమించు సహజస్థాయికి వచ్చినది. వినాశనమునకై చేసిన పరీక్షలు భూగర్భజలముపై తేదీ ముద్రించి పోవుట విచిత్రమే.

ఒక లోతైన బోరుబావి నీటిలో ట్రిటియపు జాడ ఏమియు లేనిచో, ఆ నీరు 1950వ దశకమునకు పూర్వము కురిసిన వానకు చెందినదని సామాన్యముగా నిర్ణయింపవచ్చును. అనగా మనము తోడుకొనుచున్నది ఈ ఏటి రాబడి కాదు, తాతలనాటి నిలువ. ఖర్చు రాబడిని మించుచున్నదేమో యని విచారింపవలసియున్నది. ఈ హెచ్చరికను బావి లోతు కొలిచినంత మాత్రమున తెలిసికొనలేము.

ఏటేటి రాబడిని కొలుచుటకును ట్రిటియమే సాధనము. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఈ పద్ధతితో దేశమున పలు ప్రాంతములలో కొలతలు తీసిరి. వానాకాలమునకు ముందు నేలలో కొంత లోతున అతి స్వల్పముగ ట్రిటియము కలిపిన నీటిని ఎక్కింతురు. వానలు వెలిసిన పిమ్మట మట్టిని పొరలు పొరలుగా తీసి ఆ ట్రిటియము ఎంత క్రిందికి దిగినదో చూతురు. కొత్త వాన నీరు పాత తేమను ఎంత దూరము నెట్టినదో దానివలన తెలియును. రాతినేలలలో కురిసిన వానలో చిన్న భాగమే భూగర్భమునకు చేరుచున్నదని ఈ కొలతలు తెలిపినవి.

విద్యార్థులకు ఒక సూచన

ఐసోటోపులను కొలుచు యంత్రము మన కళాశాలకు అందుబాటులో లేకపోవచ్చును. కాని నమూనా సేకరించుట ఎవరికైనను సాధ్యమే. పరిశోధనలో సగము పని అదియే. ఇందు పాటింపవలసిన నియమమొకటి కలదు. సీసాను గొంతువరకు నింపి, గాలిబుడగ మిగులకుండ బిగించి మూతపెట్టవలెను. గాలి మిగిలినచో సీసాలోనే ఒక చిన్న ఉపరితలము ఏర్పడును. మూత సరిగా బిగియనిచో తేలిక అణువులు అచ్చటనుండి జారుకొనును. నీరు చెప్పవలసిన సాక్ష్యము మారిపోవును. వానమాపకమున నిలువయుండు నీటిపై పారఫిన్ నూనె పొరను పోయుటయు ఈ కారణముచేతనే.

మా విద్యార్థులలో పెక్కుమంది పల్లెలనుండి వచ్చుచున్నవారు. సెలవులకు ఇంటికి పోయినపుడు తమ ఊరి చెరువు ఏ నెలలో నిండినది, ఏ నెలలో ఎండినది, దాని క్రింది బావులలో నీరెంత లోతున నున్నది అను వివరములను తేదీలతో సహా ఒక పుస్తకమున వ్రాసియుంచినచో ఎంతయో మేలు. రేపు ఏ పరిశోధకుడైనను ఆ ఊరి నీటిని పరీక్షింప వచ్చినపుడు, ఐసోటోపులు చెప్పు సాక్ష్యమును సరిపోల్చుకొనుటకు ఆ పుస్తకము అత్యవసరమగును. కళాశాల కమిటీవారు ప్రోత్సహించినచో ఈ ఏటి వానాకాలమునుండియే ఈ పనిని ఆరంభింపవచ్చునని మనవి చేయుచున్నాము.